పక్కింటి గుంత

*పాత పెంకుటిళ్ల నడుమ కొత్త పిల్లర్లు లేస్తున్నాయి. కట్టేవారికి అనుమతి ఉంది, ప్లాను ఉంది, మేస్త్రీ ఉన్నాడు. ఆ గుంతల అంచున నిలబడ్డ గోడకు ఏముంది?*

2024 నవంబర్ 19, మంగళవారం. హైదరాబాద్‌లో గచ్చిబౌలి పక్కనుండే సిద్దిఖ్‌నగర్. చారెడు జాగాలో నిటారుగా లేచిన ఓ బహుళ అంతస్తుల ఇల్లు రాత్రివేళ ఒక పక్కకు ఒరిగింది. లోపలున్నవాళ్లు ప్రాణాలు అరచేత పట్టుకుని వీధిలోకి ఉరికారు. చుట్టుపక్కల ఇళ్లను ఖాళీ చేయించారు. ఒరిగిన ఇల్లు ఇక నిలవదని తేల్చి, మరునాడు జీహెచ్‌ఎంసీ యంత్రాలు తెచ్చి కూల్చేసింది. జరిగిందేమిటని ఆరా తీస్తే, పక్క జాగాలో కొత్త ఇంటి పునాది కోసం పిల్లర్ గుంతలు తవ్వారని తేలింది. గుంతలు ఒకరివి, నేలమట్టమైన ఇల్లు ఇంకొకరిది.

ఆ దృశ్యాలు టీవీల్లో చూసినవారిలో చాలామంది అది ఐటీ కారిడార్ జాగాల పిచ్చి తెచ్చిన తిప్పలు అనుకున్నారు. హైదరాబాద్‌లో ఇల్లు ఒరిగితే వార్త అవుతుంది. కరీంనగర్ టవర్ సర్కిల్ చుట్టూ ఉన్న గల్లీల్లోనో, ఆదిలాబాద్ పాత బజారులోనో, నిర్మల్‌లోనో, కోరుట్లలోనో పక్కింటి పునాది తవ్వకానికి మట్టిగోడ బీట వారితే అది ఇరుగుపొరుగు పంచాయితీగా మిగిలిపోతుంది. నాలుగు రోజులు మాటలుండవు. పెద్దమనుషులు కూర్చుని ఎంతోకొంత ఇప్పిస్తారు, లేదా ఇప్పించలేరు. ఇలాంటి గొడవ మొదలైనప్పుడల్లా చట్టం లేదని అంటాం. ఆ మాట నిజం కాదు. చట్టం ఉంది, కాకపోతే అది గోడ పగిలాక వస్తుంది. పగలకముందు, గుంతలో తొలి గడ్డపార పడకముందు, ఇరువైపులవారి నడుమ ఉండాల్సిన ఒక్క కాగితం మన దగ్గర లేదు. ఇల్లు కట్టే పద్ధతిలో ఉన్న పెద్ద లోటు అదే.

ఒకే గోడ, రెండు దూలాలు

ఉత్తర తెలంగాణ పాత ఊళ్లలో ఏ ఇల్లూ ఒంటరిగా నిలబడలేదు. బజారుకు ఇరుపక్కలా ఇంటినానుకుని ఇల్లు లేచింది. మూరెడుకు పైగా మందమున్న మట్టిగోడ, దానిమీద టేకు దూలం, దూలం మీద వాసాలు, పైన పెంకు. పెద్ద భవంతులైతే నడుమ వాకిలి, చుట్టూ అర్రలు. తండ్రి పోయాక అన్నదమ్ములు వేరుపడితే ఇంటిని నిలువునా పంచుకుంటారు. భాగాల కాగితంలో 'నడుమ గోడ ఉమ్మడి' అని ఒక్క ముక్క రాయించుకుంటారు. ఆ ముక్కతోనే ఒక తరం గడిచిపోతుంది, ఎందుకంటే ఆ గోడను కదిలించే అవసరం ఎవరికీ రాదు. గోడకు ఇటు నుంచి అన్న దూలం కొన ఆనుతుంది, అటు నుంచి తమ్ముడి దూలం కొన ఆనుతుంది.

రెండో తరంలో ఒక వాటా ముందుకు పోతుంది, రెండోది ఉన్నచోటే ఉండిపోతుంది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల్లో గల్ఫ్ పైసలు వచ్చిన ఇంట్లో మొదట మారేది ఇల్లే. 2016 అక్టోబర్ 11న పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలను విడదీసి కొత్త జిల్లాలు చేశాక జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్ జిల్లా కేంద్రాలయ్యాయి. ఆఫీసులు వచ్చాయి, కిరాయిలు పెరిగాయి. రోడ్డు మీద పెంకుటిల్లు ఉన్నవారికి కింద రెండు మడిగెలు, పైన రెండు పోర్షన్లు కనబడసాగాయి. అరవై గజాల వాటా కూడా కూల్చి కట్టుకోదగ్గ ఆస్తి అయింది. పక్క వాటాలో ఉన్న వితంతువుకో, బీడీలు చుట్టుకునే కుటుంబానికో ఆ స్తోమత ఉండదు. ఒకే గోడకు ఇటు స్లాబు, అటు పెంకు.

కూల్చిన రోజునుంచే ఆ గోడ బతుకు మారిపోతుంది. నిన్నటిదాకా అది ఇంటిలోపలి గోడ. వాన చినుకు ఎరుగదు, పూత కూడా పైపైనే. ఇవాళ అది బయటి గోడ. రెండు వైపుల దూలాలు ఎదురెదురుగా ఆనుకుని ఉన్నంతకాలం గోడ నిటారుగా నిలిచింది. ఒకవైపు దూలాలు లాగేస్తే, రెండోవైపు బరువు దాన్ని ఖాళీ జాగా మీదికి నెడుతుంది. పైగా మన పనుల కాలం కూడా కలిసిరాదు. ఉగాది దాటాక ముహూర్తాలు చూసుకుని ఎండల్లో కూలుస్తారు, మే నెలలో గుంతలు తీస్తారు. సిమెంటుకో, సలాకకో, కూలీలకో ఆలస్యమైతే మృగశిర కార్తె నాటికి గుంతలు నోరు తెరుచుకునే ఉంటాయి. తొలి వానకు నీళ్లు నిండుతాయి, అంచు మట్టి జారుతుంది, మట్టిగోడ అడుగు నుంచి నానుతుంది. 2022, 2023 జూలై వానలకు ఈ జిల్లాల్లో ఎవరూ ముట్టుకోని మట్టి ఇళ్లే కూలాయి. అడుగున గుంత ఉన్న గోడ సంగతి చెప్పేదేముంది?

నల్లరేగడి ఒప్పుకోని లెక్క

ఆదిలాబాద్‌ను పత్తి జిల్లా చేసిన నల్లరేగడి నేల ఇంటికి మాత్రం కష్టమైన నేల. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. వేసవిలో చేలల్లో పడే నెర్రెలు ఇంటి కింద కూడా పడతాయి. అందుకే తెలిసిన మేస్త్రీ రేగడి పొర దాటి మొరం తగిలేదాకా తవ్విస్తాడు. అది సరైన పనే. పాత పెంకుటింటి రాతి పునాది మాత్రం చాలాచోట్ల రెండు మూడడుగుల లోతులోనే ఆగిపోతుంది. కొత్త పిల్లర్ గుంత ఐదారడుగులకు పోతుంది. అంటే కొత్త ఇల్లు ఎంత గట్టిగా కట్టాలనుకుంటే పాత ఇంటి కింది మట్టికి అంత ముప్పు. చిక్కు అంతా ఇక్కడుంది. నాసిరకంగా కట్టేవాడి వల్లే పక్కిల్లు పగులుతుందని చెప్పడానికి లేదు. లక్షణంగా కట్టేవాడి గుంతే ఎక్కువ లోతు.

> అరవై గజాల్లో ఎంత దూరం?
> పునాదులపై భారత ప్రమాణం ఐఎస్ 1904 (1986) పక్కపక్కనే వేర్వేరు లోతుల్లో ఉండే పునాదులకు ఒక వాలు చెబుతుంది: నిలువు 1 అయితే అడ్డం 2. కొత్త పునాది పాతదానికన్నా మీటరు లోతుకు పోతే, రెండింటి మధ్య సుమారు రెండు మీటర్ల ఎడం కావాలి. 15 అడుగుల వెడల్పు, 36 అడుగుల పొడవున్న జాగా సరిగ్గా 60 గజాలు. వెడల్పు నాలుగున్నర మీటర్లు. రెండు పక్కలా పాత ఇళ్లుంటే అటు రెండు, ఇటు రెండు మీటర్లు వదలాలి. ఇల్లు కట్టుకోవడానికి మిగిలేది అర మీటరు.

కాబట్టి చిన్న జాగాలో ఎడం వదిలి గండం దాటలేం. తవ్వే పద్ధతి మార్చుకోవాలి. హద్దు వెంబడి గుంతలన్నీ ఒకేసారి తీయకుండా ఒకటి విడిచి ఒకటి తీయడం, తీసినదాన్ని వెంటనే కాంక్రీటుతో పూడ్చి తర్వాతిదానికి పోవడం, గుంత అంచున బల్లలు, వాసాలతో దాపు కట్టడం, అవసరమైతే హద్దు మీది పిల్లర్‌ను లోపలికి జరిపి స్ట్రాప్ బీముతో కలపడం, ఎదుటివారి గోడకు అటువైపు నుంచి పోట్లు పెట్టడం. ఇవేవీ కొత్త విద్యలు కావు. అనుభవమున్న సుతారికి సగం తెలుసు, ఇంజనీరుకు మిగతా సగం తెలుసు. వీటన్నిటికీ అదనంగా రోజులు పడతాయి. జేసీబీ గంట లెక్కన కిరాయికి వస్తుంది. పొద్దున వచ్చి సాయంత్రానికి పదహారు గుంతలూ తీసి పోతుంది. పక్కింటి గోడ భారం ఎవరి ఖాతాలోనూ లేనప్పుడు గంటల లెక్కే గెలుస్తుంది.

కరీంనగర్ వైపు చల్కా నేలల్లో తంతు వేరు. అక్కడ బండ తగులుతుంది, బ్రేకర్ వస్తుంది, అదురుకు పక్కింటి గోడలు కదులుతాయి. ఇదే ప్రాంతంలో ఒక విడ్డూరం చూడండి. రామగుండం, శ్రీరాంపూర్ బొగ్గు బెల్టులో ఓపెన్‌కాస్టు బ్లాస్టింగ్‌కు ఇళ్లు పగుళ్లిస్తున్నాయని ఊళ్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నాయి. అక్కడి పోరాటాలు తీరలేదు కానీ, కనీసం కొలత ఉంది. గనుల భద్రతా డైరెక్టరేట్ 1997 సర్క్యులర్ ప్రకారం, గనివాళ్లవి కాని మామూలు ఇళ్ల దగ్గర అదురు, తక్కువ పౌనఃపున్యంలోనైతే, సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదు. గోదావరిఖనిలో గని అదురుకు అంకె ఉంది. అదే ఊరి గల్లీలో గోడవతల ఆడే బ్రేకర్‌ను ఎవరూ కొలవరు.

చట్టం ఎప్పుడొస్తుంది?

పక్క జాగా నుంచి దొరికే ఆసరా హక్కును మన చట్టం ఎన్నడో గుర్తించింది. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం ప్రతి యజమాని నేలకూ పక్క నేల సహజంగా ఇచ్చే ఆసరా మీద హక్కుంది. ఇది ఖాళీ నేలకు. దాని మీద ఇల్లు కడితే ఆ బరువుకు కూడా ఆసరా అడగాలంటే 15వ సెక్షన్ చూడాలి. ఇరవై ఏళ్లు ఎవరి అడ్డూ లేకుండా, హక్కుగా ఆ ఆసరా పొంది ఉండాలి. అన్నదమ్ముల వాటాలకు ఇంకో తోవ ఉంది. ఉమ్మడి ఆస్తి పంచుకున్నప్పుడు ఒక వాటా అనుభవానికి రెండో వాటా మీద ఏ హక్కు తప్పనిసరో అది పంపకంతోనే వస్తుందని 13వ సెక్షన్ చెబుతుంది. దానికి ఇరవై ఏళ్ల లెక్క అక్కర్లేదు. 'గోడ ఉమ్మడి' అన్న ఆ ఒక్క ముక్కకు ఇంత బలముందని భాగాల కాగితం దాచుకున్న చాలామందికి తెలియదు.

ఈ చట్టానికి ఏడాది ముందు, 1881లో, ఇంగ్లండు ప్రభువుల సభ డాల్టన్ - ఆంగస్ కేసు తేల్చింది. న్యూకాజిల్‌లో ఒకదాన్నొకటి ఆనుకున్న రెండు ఇళ్లలో ఒకటి బండ్ల తయారీ ఫ్యాక్టరీ అయింది. ఇరవై ఏళ్లు దాటాక పక్కదాన్ని కూల్చి లోతుగా తవ్వారు, ఫ్యాక్టరీ కూలింది. ఇరవై ఏళ్ల ఆసరా హక్కవుతుందని ఆ తీర్పు చెప్పింది. పని కాంట్రాక్టరుకు అప్పగించాను కాబట్టి నాకు సంబంధం లేదని యజమాని తప్పించుకోలేడని కూడా చెప్పింది. 'మేస్త్రీని అడగండి' అని తలుపేసుకునేవారికి ఆ కేసు తెలిసి ఉండాల్సింది.

ఇంత ఉన్నా లాభమేమిటన్నది ప్రశ్న. అదే ఈజ్‌మెంట్స్ చట్టం 34వ సెక్షన్ ఆసరా తీసేసినంత మాత్రాన పరిహారం రాదంటుంది. చెప్పుకోదగ్గ నష్టం నిజంగా జరిగాకే వస్తుంది. ముందే ఆపుమని ఇంజంక్షన్ అడగాలంటే 35వ సెక్షన్ కింద, ఆ పని చేస్తే హక్కుకు భంగం తప్పదని చూపాలి. ఇంకా తవ్వని గుంత గురించి 'తప్పదు' అని మామూలు ఇంటివాళ్లు ఎలా చూపగలరు? క్రిమినల్ వైపు పోతే, 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 290వ సెక్షన్ ఇళ్లు కూల్చేటప్పుడు, కట్టేటప్పుడు అజాగ్రత్తగా ఉంటే ఆరు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ అంటుంది. అదీ ప్రాణాపాయం ఉంటేనే. గోడ బీటకు అది వర్తించదు.

బీట పడ్డాక కోర్టుకు పోతే మొదటి ప్రశ్న: ఇది గుంత వల్ల పడిందా, అంతకుముందే ఉందా? నల్లరేగడి మీద ఏటా వేసవికి బీటలు వచ్చి, వానలకు కొన్ని మూసుకునే నేలలో ఈ ప్రశ్నకు జవాబు చాలా కష్టం. 'మీ గుంత వల్లే' అని ఒకరు, 'మీ తాత నాటిది' అని ఇంకొకరు. ఇద్దరూ నిజమనుకునే చెబుతూ ఉండవచ్చు. తవ్వకముందు గోడ ఎలా ఉందో చూపే ఆధారం లేదు కాబట్టి వాదన గొంతు మీద, పలుకుబడి మీద తేలుతుంది. స్లాబు వేసుకునే స్తోమత ఉన్నవారికి పలుకుబడి కూడా ఎక్కువే ఉంటుంది.

అనుమతిలో కనబడని మనిషి

2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం ఇళ్ల అనుమతులను సులువు చేసింది. 75 గజాల లోపు జాగాలో ఏడు మీటర్ల ఎత్తుదాకా అనుమతే అక్కర్లేదు, ఒక రూపాయితో నమోదు చాలు. 600 గజాల దాకా, పది మీటర్ల ఎత్తుదాకా యజమాని స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. ఆఫీసుల చుట్టూ తిప్పుకునే రోజులు చూసినవారెవరూ దీన్ని తప్పుపట్టరు. కానీ ఈ పద్ధతి చూసేది దస్తావేజు, రోడ్డు వెడల్పు, ఎత్తు, వదిలే జాగా. పక్కన నలభై ఏళ్ల మట్టిగోడ ఉంటే దాని యజమానికి కబురు చేయాలన్న షరతు లేదు. చిక్కేమిటంటే, అసలు అనుమతే వద్దన్న ఆ బుల్లి జాగాల్లోనే గోడకు గోడ తగిలి ఉంటుంది. ఎక్కడ ముప్పు ఎక్కువో అక్కడ పరిశీలన తక్కువ.

> ఇంగ్లండులో ఏం చేస్తారు?
> 1996 పార్టీ వాల్ చట్టం ప్రకారం పక్క కట్టడానికి మూడు మీటర్ల లోపు, దాని పునాది కన్నా లోతుకు తవ్వేవారు నెల ముందు పక్కవారికి రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. మరీ లోతైన పునాదులకు ఈ దూరం ఆరు మీటర్లు. ఉమ్మడి గోడను ముట్టుకునే పనులకు రెండు నెలల ముందు. పద్నాలుగు రోజుల్లో పక్కవారు ఒప్పుకోకపోతే సర్వేయర్లు వచ్చి, గోడ ప్రస్తుత స్థితిని రాసి, పని ఎలా చేయాలో తేలుస్తారు. మామూలుగా ఆ ఖర్చు కట్టేవారిదే. 1666 అగ్నిప్రమాదం తర్వాత లండన్‌ను తిరిగి కట్టిన 1667 చట్టంలోనే ఉమ్మడి గోడల నియమాలు ఉన్నాయి.

సర్వేయర్ల వ్యవస్థను దిగుమతి చేసుకోమని కాదు. అరవై గజాల ఇంటికి అది మోయలేని బరువు. ఆ పద్ధతిలో మనకు పనికొచ్చేవి రెండు: ముందు కబురు, ముందు ఫొటో. గుంత తవ్వే తేదీ, లోతు, ఏ పద్ధతిలో తవ్వుతారో రాసిన ఒక పేజీ. గోడ రెండువైపులా ఉన్న బీటలు, దూలాల కొనలు, దర్వాజలు, గచ్చు కనబడేలా తేదీతో ఫోన్‌లో తీసిన ఫొటోలు. వాటి మీద ఇద్దరి సంతకాలు. బీపాస్ నమోదులోనే ఇవి కూడా ఎక్కించాలని షరతు పెడితే చాలు, కొత్త ఆఫీసు అక్కర్లేదు.

అడ్డుపుల్లలు పడతాయా?

దీనిమీద వచ్చే మొదటి అభ్యంతరం గట్టిదే. పక్కింటివారిని అడగాలన్నారంటే ఇక ఇల్లు కట్టినట్టే. పాత కక్షలున్నచోట సంతకానికి రేటు పెడతారు. ఈ భయం ఒట్టిది కాదు. కానీ ఇక్కడ అడగమంటున్నది ఒప్పుకోలు కాదు, తెలియజేయమంటున్నాం. ఇంగ్లండు పద్ధతిలో కూడా పక్కవారు పనిని ఆపలేరు. ఎలా చేయాలన్నదాంట్లోనే వారి మాటకు చోటు. ఇవాళ కక్షతో అడ్డంపడాలనుకునేవారికి కోర్టులు, ఫిర్యాదులు ఎలాగూ ఉన్నాయి. ముందస్తు ఫొటోలు లేకపోవడం వారికే లాభం, పాత బీటలన్నీ కొత్త ఇంటి లెక్కలో రాయవచ్చు. ఆ కాగితం కట్టేవారిని కూడా కాపాడుతుంది.

రెండోది ఇంకా సూటి ప్రశ్న. నూరేళ్ల మట్టిగోడ, ఇవాళ కాకపోతే రేపు కూలేదే, దానికోసం కొత్తగా కట్టుకునేవారెందుకు మునగాలి? గోడ ముసలిదైతే పరిహారం తగ్గవచ్చు, అది న్యాయమే. ముసలి గోడకు రక్షణ తగ్గించవచ్చని మాత్రం దాని అర్థం కాదు. బలహీనమైన గోడ పక్కన తవ్వేవారు ఇంకా జాగ్రత్తగా తవ్వాలి. పైగా ఆ గోడ కింద పడుకునేవారికి 'రేపు' అన్నది ఇల్లు మారడానికి దొరికే గడువు. ఆ గడువును గుంత మింగేస్తుంది.

'అన్నదమ్ముల నడుమ కాగితాలేమిటి' అనేవారూ ఉన్నారు. అన్నదమ్ముల నడుమే భాగాల కాగితం రాసుకున్నాం కదా. ఆ మాట దాటి అసలు సంగతి చూస్తే, కాగితం అంటే ఇద్దరికీ జంకు ఉంది. కొలతలు వేస్తే ఒకరి గోడ అరడుగు ఇటు జరిగిందని తేలుతుంది, ఇంకొకరి సజ్జ హద్దు దాటిందని తేలుతుంది. కట్టేవారు చూపిన ప్లానుకూ కడుతున్న అంతస్తులకూ పొంతన ఉండదు. ఫిర్యాదు చేయబోయేవారి పై పోర్షన్‌కు కూడా అనుమతి లేదు. ఉత్తర తెలంగాణ గల్లీల్లో ఇన్ని గోడలు పగిలినా ఇంత తక్కువ ఫిర్యాదులు రావడానికి మంచితనం కన్నా ఈ పరస్పర లోపాయికారీ మౌనమే పెద్ద కారణమని నాకనిపిస్తుంది. ఆ మౌనం ఖరీదు ఇద్దరూ సమానంగా కట్టరు. స్లాబు ఉన్న ఇల్లు నిలబడుతుంది, పెంకు ఉన్న ఇల్లు పగులుతుంది.

నిబంధన మారేదాకా ఆగక్కర్లేదు, ఇప్పుడున్న తోవలూ ఉన్నాయి. సివిల్ దావాలో గోడ ఉన్న స్థితిని రాయించడానికి అడ్వకేట్ కమిషనర్‌ను వేయమని సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డర్, 9వ రూల్ కింద అడగవచ్చు. దావా వేయకముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెడితే ఇద్దరినీ పిలిచి రాజీకి కూర్చోబెడతారు. లోక్ అదాలత్‌లో కుదిరిన ఒప్పందానికి డిక్రీ విలువ ఉంటుంది. గుంతలు ఏ వరుసలో తీయాలి, ఎన్ని రోజుల్లో పూడ్చాలి, పోట్లు ఎవరి ఖర్చు, బీటలు పడితే ఎవరు మరమ్మతు చేయించాలి అన్న నాలుగు ముక్కలు అక్కడ రాయించుకోవచ్చు. ఇక నోటీసు తీసుకోనని, సంతకం పెట్టనని పక్కవారు మొరాయిస్తే? ఫొటోలు జతచేసి స్పీడ్ పోస్టులో పంపి, ఆ రసీదును ఇంటి ప్లానుతో పాటు దాచుకుంటే సరిపోతుంది.